చిల్కా నుండి ముఖలింగము వరకు

బరంపురములో పుట్టి పెరిగిన మా వంటివారిని క్రొత్తగా పరిచయమైనవారు మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటే: "మీరు ఆంధ్రానుండి ఎప్పుడు వచ్చినారు?" మా తాతగారు ఈ యూరిలోనే పుట్టిరి, వారి తండ్రిగారు ఇక్కడి యొక కచేరీలో గుమాస్తాగా పని చేసిరి. మేము ఎక్కడినుండియు రాలేదు. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దే మా వాకిటి మీదుగా నడచిపోయి ఇచ్ఛాపురమునకు ఈవల నిలిచినది. ఈ సమాధానమును మేము ఎందరికో చెప్పితిమి, చెప్పినప్పుడెల్ల కొంత గర్వపడితిమి. అది ఎంతవరకు నిజమో ఒకమారు కన్నులార చూచి రావలెనన్న కోరిక మాత్రము చిరకాలముగ తీరక యుండెను.

ఆ కోరిక ఈ మాఘమాసములో తీరినది. మేము ముగ్గురము మిత్రులము. ఒకరు న్యాయవాది, వాదము లేనిదే ఆయనకు అన్నము సహింపదు. రెండవవారు ఒడియా మిత్రులు, ఉన్నత పాఠశాలలో ముప్పదియేండ్లు చరిత్ర బోధించి విశ్రాంతి గైకొన్న మాస్టారు. తెలుగు మాకంటె స్పష్టముగ పలుకుదురు. కారు నడుపుటకు న్యాయవాదిగారి కుమారుడు వచ్చెను. ఇంజనీరింగు చదివి పూనాలో నుద్యోగము చేయుచున్న యువకుడు. ఇంట చక్కని తెలుగు మాటలాడును. ఒడియా, ఇంగ్లీషు చదువును, వ్రాయును. తెలుగు మాత్రము చదువలేడు. అతడు చదువుకొను వయసునకు మా పేటలో తెలుగు తరగతి విద్యార్థులు చాలక మూతబడినది. ఈ లోపమును గురించి తండ్రి దారి పొడుగునను కుమారుని దెప్పుచునే యుండెను. పులిహోర, అప్పడములు మా యింటినుండి, ఛెనాపోడ మాస్టారింటినుండి వచ్చెను. తెల్లవారుజామున బయలుదేరితిమి.

మొదట చూడవలసినది సరస్సే యైనను, మాస్టారి పట్టుదలవలన పురుషోత్తమపురము వైపు మరలి, ఋషికుల్యా నదీతీరమున నున్న జౌగడకు పోతిమి. జౌ అనగా ఒడియాలో లక్క. ఇక్కడ లక్కతో కట్టిన కోట యుండెడిదని స్థానికులు చెప్పుకొందురు. నేడు కనబడునవి కోటగోడల మట్టి దిబ్బలును, ఒక పెద్ద బండమీద చెక్కిన అశోకుని శాసనములును. ఇనుపకటకటాల వెనుకనుండి చూడవలెను. అప్పటి ఈ నగరము పేరు సమాపా యని ఆ శాసనమే చెప్పుచున్నది. ఇతర ప్రదేశములలో అశోకుడు చెక్కించిన పదమూడవ శాసనమున కళింగయుద్ధమును తలచుకొని దుఃఖించెను. లక్షమంది హతులైరి, లక్షన్నరమంది చెరబట్టబడిరి అని లెక్క చెప్పెను. క్రీ.పూ. 261 ప్రాంతమున జరిగిన యుద్ధమది. ఆశ్చర్యమేమనగా, యుద్ధము జరిగిన ఈ కళింగములోనే, ఇక్కడ జౌగడలోను అక్కడ ధౌళిలోను, ఆ శాసనము లేదు. దాని స్థానమున వేరుగ రెండు శాసనములు వ్రాయించెను. వానిలో ప్రజలందరును తన బిడ్డలవంటివారని చెప్పి, వారిని అకారణముగ హింసింపవలదని అధికారులను హెచ్చరించెను.

"గెలిచినవాడు ఓడినవారి ఎదుట ఏది చెప్పకూడదో తెలిసికొన్నాడు," అనిరి మాస్టారు. న్యాయవాది వెంటనే, "లేక ఏది ఒప్పుకొనకూడదో తెలిసికొన్నాడు," అనెను.

ఈ శాసనమును 1850లో నకలు తీయించి, ఇది అశోకునిదే యని గుర్తించినవాడు వాల్టర్ ఎలియట్ అను దొర. ఉత్తర సర్కారులకు కమిషనరుగ నుండెను. అమరావతి స్తూపమునందలి శిల్పములను 1845లో త్రవ్వించినవాడును ఈయనయే. ఈయన పేరు మరల సరస్సు వద్ద వచ్చును గనుక పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. ఆనాటి గంజాము ఉద్యోగులలో చాలమంది శిస్తులెక్కలు తప్ప వేరెరుగరు. ఎలియట్ బండలను, నాణెములను, చేపలనుగూడ పరికించి చూచెను.

ఖల్లికోట మీదుగా కొండల నడుమ సాగి, మధ్యాహ్నము దాటిన పిదప రంభ చేరితిమి. ఒక మలుపు తిరుగగానే కొండలు ప్రక్కకు తొలగి, నీరు కనబడెను. ఎదుట దరి లేదు. సముద్రమనుకొందమన్న అలలు లేవు. నీటి నడుమ చిన్న చిన్న తిప్పలు, వానిమీద నల్లని బండలు, వెనుక తూర్పుకనుమలు. తూర్పుకనుమలు ఇంత చేరువగ వచ్చి నీటిలో కాలు పెట్టుట చిల్కా దక్షిణ భాగముననే చూడగలము. ఉత్తరమున మహానది పాయలైన దయా, భార్గవి నదులు తెచ్చిన మట్టివలన నీరు పలుచనై రెల్లు పెరుగును. వేసవిలో 900 చదరపు కిలోమీటర్లు, వానకాలమున 1,100కు పైగా విస్తరించు ఈ సరస్సు, సగము నదులది, సగము సముద్రముది. దాదాపు 60 కిలోమీటర్ల పొడవు గల ఇసుకదిబ్బ దీనిని సముద్రమునుండి వేరు చేయుచున్నది. సముద్రమునకు పోవు ద్వారము ఏటేట జరుగుచు, పూడుచు వచ్చుటచే ఒకప్పుడు ఉప్పునీరు చాలక చేపలు తగ్గి, కలుపు పెరిగినది. 2000వ సంవత్సరము సెప్టెంబరులో క్రొత్త ముఖద్వారమును త్రవ్విరి. చేపలు మరల వచ్చినవి.

రంభలో సరస్సు గట్టున నొక పెద్ద మేడ గలదు. దీనిని 1790వ దశకమున స్నాడ్‌గ్రాస్ అను గంజాము దొర కట్టించెను. దేశమున కరవు తాండవించుచున్న కాలమున కట్టించిన మేడ యిది. ఖర్చు ఎక్కడినుండి వచ్చినదో ఊహించుట కష్టము కాదు. ఆయన ఉద్యోగము పోయినదనియు, లండనులో కుంఫిణీ కచేరీ ఎదుట వీధి యూడ్చి పరువు తీయుదునని బెదిరించి పింఛను రాబట్టెననియు ఒక కథ గలదు. కథలోని సత్యమెంతో గాని, ఈ మేడను, సరస్సులోని ఒక తిప్పమీద ఆయన కట్టించిన దీపస్తంభమును చూచినపుడు, అట్టి పని చేయగలవాడే యనిపించును. మేడ తరువాత ఖల్లికోట రాజులకు దక్కినది. నేడు యాత్రికుల విడిదిగ మారినది. ఒడిశా రాష్ట్రమను తలంపునకును ఈ రంభకును సంబంధము గలదు. ఒడియా మాటలాడువారినందరిని ఒక్కటి చేయవలెనని 1903లో ఉత్కళ సమ్మిళని కటకములో తొలిసారి సమావేశము కాకపూర్వము, ఖల్లికోట రాజావారి యాదరణమున పెద్దలు ఇక్కడనే కూడి యాలోచించిరని ఒడియా చరిత్రకారులు వ్రాయుదురు. మనవారు బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరుపుకొన్నది 1913లో. పదియేండ్ల యంతరము. మాస్టారు ఈ మాట చెప్పునపుడు న్యాయవాది మరియొక ముక్క ఛెనాపోడ అందుకొని మౌనము వహించెను.

మరునాడు ఉదయము పడవ నెక్కితిమి. పడవవాడు మొదట ఒడియాలో బేరమాడి, మా మాటలు చెవినబడిన పిదప తెలుగులోనికి దిగెను. బేరము మాత్రము తగ్గలేదు. నీటిమీద వేలకొలది పక్షులు. ఉత్తరదేశములనుండి శీతకాలమునకు వచ్చి పోవునవి. న్యాయవాది కుమారునికి డాల్ఫినులను చూడవలెనని కోరిక. "అవి సాతపడా వైపున నుండును బాబూ, ఇక్కడకు రావు," అని పడవవాడు తేల్చివేసెను. మేము చూడలేదు. చూడనివానిని గురించి వ్రాయుట యుక్తము కాకున్నను, ఒక సంగతి చెప్పక తప్పదు. చిల్కాకు నేడు వన్నె తెచ్చుచున్న ఈ ఇరవాది డాల్ఫిను బర్మా నది పేరు మోయుచున్నది గాని, శాస్త్రజ్ఞులు దానిని మొదట వర్ణించినది 1852లో విశాఖపట్నపు రేవులో దొరికిన యొక ప్రాణిని బట్టి. దానిని సంపాదించి పంపినవాడు జౌగడ శాసనమును గుర్తించిన ఆ ఎలియట్ దొరయే. 1866లో ఓవెన్ అను శాస్త్రజ్ఞుడు దానికి లాటిను పేరు పెట్టెను.

ఈ సరస్సు ఒకప్పుడు నిజముగనే సరిహద్దు. ఉత్తర సర్కారులు 1760ల చివరనే కుంఫిణీకి దక్కినవి. కటకము, పూరి మాత్రము మరాఠాలవి. ముప్పదియేండ్లకు పైగా ఈ నీటికి దక్షిణమున నొక ప్రభుత్వము, ఉత్తరమున నొక ప్రభుత్వము. 1803లో గంజామునుండి బయలుదేరిన కుంఫిణీ సేన సరస్సునకును సముద్రమునకును నడుమనున్న ఇసుకమీదుగా నడచి మాణికపట్నము దాటి పూరి చేరెను. తరువాతను దక్షిణపు కొస మద్రాసు రాజధానిలోను, మిగిలినది మొదట వంగరాజధానిలోను, 1912 తరువాత బీహారు-ఒరిస్సా రాష్ట్రములోను 1936 వరకు ఉండెను. మా తాతగారు పూరికి పోవుట పరరాష్ట్రమునకు పోవుట, మద్రాసునకు పోవుట స్వరాష్ట్రములోనే యుండుట! మా కాలమున అది తారుమారైనది.

తిరుగుదారిలో ఉప్పుమళ్లను దాటి గంజాము గ్రామమున ఆగితిమి. జిల్లాకంతకును పేరిచ్చిన ఊరు. ఋషికుల్య సముద్రమున కలియు చోట రేవు, కోట, కచేరీలు గలిగి వెలుగుచుండెడిది. 1815లో విషజ్వరములు ప్రబలి జనము రాలిపోగా కచేరీలు తరలిపోయెను. కొంతకాలము శ్రీకాకుళము కూడ ఈ జిల్లాకు ముఖ్యస్థానమైనది. ఇప్పుడు అక్కడ చూడదగినది తక్కువ. టీ త్రాగి సాగితిమి.

ఇక్కడ మా పాత సమాధానమునకు మొదటి దెబ్బ తగిలినది. బరంపురము మీదుగా పోవుచు మాస్టారు, "మీరెవ్వరును ఎక్కడినుండియు రాలేదంటిరి. మరి పట్టునేత దేవాంగులు?" అని అడిగిరి. నిజమే. మా ఊరి పట్టుచీరలకు పేరు తెచ్చిన దేవాంగ కుటుంబములు గోదావరి ప్రాంతమునుండి మహురి రాజుల కాలమున వచ్చినవని వారి పెద్దలే చెప్పుదురు. రెండేండ్ల కొకమారు జరుగు బుడ్డి ఠాకురాణి యాత్రకు వారి కులపెద్దయైన దేశిబెహరా లేనిదే ఆరంభము లేదు. ఊరంతటికి ఆడపడుచుగ పుట్టింటికి వచ్చు ఆ తల్లి, తెలుగు నేతగాండ్ర యింటికే వచ్చును; ఒడియా, తెలుగు అను భేదము లేక ఊరంతయు మ్రొక్కును. పూరి, గోపాలపురముల తీరమున వలలు లాగు నోళియాలు తెలుగు మాటలాడు జాలరులు. వారును తీరము వెంబడి ఉత్తరమునకు సాగినవారే. రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారు 1894లో పుట్టినది బరంపురములో న్యాయవాది యింట. కావున కొందరము వచ్చితిమి, కొందరము ఉంటిమి, కొందరి మీదుగా గీత నడచినది. ఒక్క సమాధానములో ఇన్నియు ఇమడవు.

బరంపురమునుండి పశ్చిమముగ దిగపహండి దాటిన తరువాత దారి కొండలెక్కును. తప్తపాణి వద్ద గంధకపు వాసనగల వేడినీటి ఊట గలదు. న్యాయవాది కాళ్లనొప్పులకు అందులో కూర్చుండి లేవనని భీష్మించుటచే గంట యాలస్యమైనది. అటుపిమ్మట అడవి, లోయలు, మలుపులు. చంద్రగిరి ప్రాంతమున ఉన్నట్టుండి టిబెట్టు పతాకములు గాలికి రెపరెపలాడుచు కనబడెను. 1963 మొదలు స్థిరపడిన టిబెట్టు శరణార్థుల గ్రామములవి. జిరంగమున వారు కట్టుకొన్న పెద్ద విహారమును 2010లో దలైలామాగారు ప్రారంభించిరి. అక్కడి యొక వృద్ధుడు మాస్టారితో ఒడియాలో మొక్కజొన్న ధరను గురించి మాటలాడెను. ఆయనను మేము, "మీరు ఎప్పుడు వచ్చినారు?" అని అడిగితిమి. అడిగిన తరువాత మాలో మేము సిగ్గుపడితిమి.

రాత్రికి పర్లాకిమిడి చేరితిమి.

మూడవనాడు మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. దారిలో నరకిన చెట్లమొదళ్లు, క్రొత్తగ నాటిన జీడిమామిడి మొక్కలు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఈ కొండలలో చేసిన నష్టము ఇంకను కనబడుచునే యున్నది. కారు పోగలిగినంత దూరము పోయి, తక్కినది నడచితిమి. మంచు మమ్ములను దాటుచు, తిరిగి వచ్చుచు నుండెను. పైన గుడులు మూడు: కుంతి, యుధిష్ఠిరుడు, భీముడు అను పేర్లతో ప్రసిద్ధములు. భీముని గుడి చిన్నది. పెద్ద పెద్ద రాతిదిమ్మలను ఒకదానిపై నొకటి పేర్చినట్లున్నది. ఎవరు మోసిరో యని నిలువబడి చూచితిమి. భీముడే యనుకొనుట సులభము. కుంతి గుడిలోనివాడు గోకర్ణేశ్వరుడు. తూర్పు గాంగరాజులు తమ తామ్రశాసనములలో మొదటగ స్మరించు కులదైవము ఈ మహేంద్రశిఖరముపై వెలసిన గోకర్ణస్వామియే. వారు లెక్కించుకొన్న గాంగశకము క్రీ.శ. 498 ప్రాంతమున ఆరంభమైనదని పండితుల నిర్ణయము. దాదాపు వేయియేండ్లు ఒక వంశము ఈ కొండవైపు చూచి మ్రొక్కి రాజ్యమేలినది.

యుధిష్ఠిరుని గుడి వద్ద రాజేంద్రచోళుని శాసనము గలదు. 11వ శతాబ్దిలో ఇంత దూరము దండెత్తి వచ్చి, విమలాదిత్యుని ఓడించి, మహేంద్రమున జయస్తంభము నాటెనని అందులో నున్నది. ప్రక్కనే పులి, రెండు చేపలు. కావేరీతీరపు పులి మహేంద్రగిరి నెక్కిన గురుతు.

ఇక్కడనే న్యాయవాదికిని మాస్టారికిని మూడుదినములుగ నివురుగప్పియున్న వాదము భగ్గుమనెను. పూరి జగన్నాథుని ఆలయమును కట్ట నారంభించిన అనంతవర్మ చోడగంగదేవుడు ఎవరివాడు? "తెలుగువాడు. రాజధాని ముఖలింగము. శాసనములు తెలుగులో నున్నవి," అని న్యాయవాది. "ఒడియావాడు. కటకమును కట్టుకొన్నది ఆయన, జగన్నాథుని మాకిచ్చినది ఆయన, కోణార్కము కట్టించిన నరసింహుడు ఆయన వంశమువాడు," అని మాస్టారు. 1078లో పట్టాభిషిక్తుడైన ఆ రాజు తల్లి రాజసుందరి చోళ రాజకుమారి. పేరులోనే చోళులను, గాంగులను ఇరువురను మోసెను. బిరుదు త్రికళింగాధిపతి. మా అభిప్రాయము మమ్మడిగిరి. చోడగంగదేవుడు సంస్కృతమున ప్రశస్తి వ్రాయించి, తెలుగుదేశమున తెలుగులో దానములు చెక్కించి, ఉత్కళమున ఉత్కళ దైవమునకు గుడి కట్టించెను. పన్ను మాత్రము అన్నిచోట్ల నొకే తీరున వసూలు చేసియుండును అంటిమి. ఇద్దరికిని తృప్తి కలుగలేదు. అంతలో కుర్రవాడు, "బాబాయిగారూ, ఆయన ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడు?" అని అడిగెను. వాదము ఆగిపోయినది. ఇంత చదివిన మేము ముగ్గురమును ఆ ప్రశ్న నెన్నడును వేసికొనలేదు.

దిగి వచ్చుచుండగా సవరల గ్రామములు. కొండవాలున బండలు పేర్చి కట్టిన పొలములు మెట్లుమెట్లుగా లోయలోనికి దిగుచుండును. ఈ కొండలలో అందరికంటె పాతవారు వీరు. తెలుగు, ఒడియాలతో చుట్టరికము లేని భాష వీరిది. 1936లో భాషనుబట్టి రాష్ట్రములను పంచినపుడు వీరి భాషను ఎవ్వరును లెక్కలోనికి తీసికొనలేదు. గీతకు ఇరుప్రక్కల వీరే మిగిలిరి. ఆ సంవత్సరముననే మంగెయి గొమాంగో అను సవర పెద్ద గుణుపురము ప్రాంతమున తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించెను.

సవరల భాషను మొదట శాస్త్రీయముగ వ్రాసినవాడు మాత్రము పర్లాకిమిడిలోని తెలుగు పంతులు. గిడుగు వేంకట రామమూర్తిగారు 1880లో ఈ యూరి పాఠశాలలో చిన్న తరగతులకు ఉపాధ్యాయులుగ చేరిరి. ఒక సవర బాలుని ఇంట నుంచుకొని, అతనికి అన్నము పెట్టి, అతనివద్ద భాష నేర్చుకొనిరి. సొంత సొమ్ముతో సవరలకు బడులు పెట్టిరి. 1931లో వారి సవరభాషా గ్రంథము మద్రాసు ప్రభుత్వము వెలువరించెను. వాడుక తెలుగుకై వారు చేసిన పోరాటమును గురించి ఈ సంచిక పాఠకులకు చెప్ప నక్కరలేదు. ఆయన జీవితమంతయు ఏ శైలితో పోరాడెనో ఆ శైలిలోనే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. ఆయన చూచిన నవ్వియుందురు. కోపగించి యున్నను ఆశ్చర్యము లేదు. సంచిక సంప్రదాయ మట్టిది, మా అలవాటును అట్టిదే.

పర్లాకిమిడి యొక్క కథ గంజాము కథలో కడు చిక్కైనది. 1931లో నియమితమైన ఓడొన్నెల్ సంఘము పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్ప నక్కరలేదన్నది. తరువాత పార్లమెంటు సంఘము జమీను చీల్చి, పట్టణమును ఒరిస్సాకిచ్చినది. అందులకై లండను వరకు పోయి వాదించిన మహారాజా కృష్ణచంద్ర గజపతిగారు 1937లో ఆ రాష్ట్రపు మొదటి ప్రధానమంత్రి యైరి. మాస్టారికి ఆయన నిర్మాత. గిడుగువారు మాత్రము, యాబదియేండ్లకు పైగా నివసించిన ఊరును 1936లో విడిచి రాజమహేంద్రవరమునకు వెడలిపోయిరి. అప్పటికి వారికి డెబ్బదియేండ్లు దాటినవి. 1940లో మరణించిరి. ఊరి ప్రక్కన మహేంద్రతనయ పారుచున్నది. 1900లో నౌపడానుండి వచ్చిన చిన్నపట్టాల రైలు ఇప్పుడు లేదు, పెద్దపట్టాలు వచ్చినవి. సాయంకాలము వీధులలో తిరిగితిమి. అంగళ్లలో బేరము తెలుగులో, లెక్క ఒడియాలో. ఒకే వాక్యమున రెండును. మాస్టారు చాలసేపు మాటలాడక నడచి, కడకు, "పోకుండ ఉండవలసినది," అనిరి. ఎవరిని గురించి యని మేము అడుగలేదు.

నాలుగవనాడు పాతపట్నము మీదుగా దిగి వంశధారాతీరమున ముఖలింగము చేరితిమి. పర్లాకిమిడి వెనుకబడగానే ఆంధ్రప్రదేశము. దారిప్రక్క చెరకు, వరి, అవే కొండలు. 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడువరకు ఈ ప్రాంతము విశాఖపట్నము జిల్లాలోను, అంతకుపూర్వము మన గంజాములోను ఉండెడిది.

మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు చూడనివారు చూడవలెను. ద్వారబంధములమీది తీగలు, నర్తకులు, ఏనుగులు భువనేశ్వరమును జ్ఞప్తికి తెచ్చును. మధుకేశ్వరుని గుడిలో కంబములమీద, గోడలమీద శాసనములు నూరింటికి పైగా గలవు. ఇది గాంగుల కళింగనగరమే యని నిరూపించుటకు పాటుబడినవారిలో అగ్రగణ్యులు మన రామమూర్తి పంతులుగారే. బడిలో చరిత్రపాఠము చెప్పుచున్న కాలమున గురువు లేక, పుస్తకములు తెప్పించుకొని ప్రాచీనలిపిని తమంతతామే నేర్చి ఈ రాళ్లను చదివిరి.

న్యాయవాదిగారు కుమారుని కంబము దగ్గరకు లాగుకొనిపోయి, "చూడు! ఎనిమిది, తొమ్మిది వందల యేండ్ల తెలుగు! నీకు చదువ రాదు!" అనెను.

కుర్రవాడు కొంతసేపు చూచి, "మీరు చదవండి నాన్నా," అనెను.

న్యాయవాది కన్నద్దములు తుడిచికొని వంగెను. మేమును వంగితిమి. గుండ్రని అక్షరములు, కొన్ని తెలిసినట్లే యుండి చేతికి చిక్కక జారిపోవుచున్నవి. తలకట్టు వేరు, ఒత్తుల తీరు వేరు. రాయి నూనెచే నల్లబడినది. ఎంతసేపు తడుముకొన్నను మూడు నాలుగు అక్షరములకు మించి కూడలేదు. కడకు మాస్టారు పంక్తి మొదట వ్రేలుంచి, "స్వస్తి శ్రీ," అని చదివిరి. "అన్నియు ఇట్లే మొదలగును గనుక తెలిసినది, తరువాతిది నాకును రాదు," అని ఒప్పుకొనిరి. ఇట్టి శాసనములలో చాలభాగము అఖండదీపములకు మాడలు, గొఱ్ఱెలు ఇచ్చిన దానములని అచ్చుపుస్తకములవలన మేమెరుగుదుము. ఏ దీపము, ఎవరిచ్చినది, ఎందులకు అనునది ఆ రాయి మాకు చెప్పలేదు. ఇంతవరకు కుర్రవానిని దెప్పిన తండ్రి ఆ పూట మరి నోరెత్తలేదు.

భోజనమైన తరువాత టెక్కలి వైపు సాగుచుండగా కుర్రవాడే మాట కదపెను. "మాస్టారూ, ఒడియా అఆఇఈల వరుసే కదా తెలుగుకీ?" అదే వరుస యని తెలిసినపుడు, "అయితే ఆకారాలే కదా నేర్చుకోవలసింది," అనెను. టెక్కలిలో ఒక అంగడిలో పెద్దబాలశిక్ష దొరికినది. మాస్టారు దానిని ఒడిలో నుంచుకొని ఒక్కొక్క తెలుగు అక్షరము చెంత ఒడియా అక్షరమును పెన్సిలుతో వ్రాసి, కారు ఆగినపుడెల్ల చూపుచువచ్చిరి. తెలుగు కుర్రవానికి ఒడియా మాస్టారు తెలుగు నేర్పుట తండ్రికి చిన్నతనముగ నుండెను కాబోలు, మధ్య మధ్య అనవసరముగ సవరణలు చేయుచుండెను. ఱ బండిరా కథ అరగంట నడచినది.

పలాస దాటినది. సోంపేట వద్ద కుడివైపున బారువ. మహేంద్రతనయ పేరుగల మరియొక యేరు అక్కడ సముద్రమున కలియును. రంగూనుకు ఓడలు నడచిన కాలమున బారువ రేవు. చిల్కా అను పేరుగల పొగయోడ 1917లో ఆ తీరమునకు చేరువలోనే ప్రమాదమునకు లోనై మునిగినది. చూచి పోదమంటిమి గాని ప్రొద్దు క్రుంకినది.

ఇచ్ఛాపురము వచ్చుసరికి దీపములు పెట్టిరి. ఇంకొంచెము దూరమున గీత. కుర్రవాడు కారు వేగము తగ్గించి, ఒక అంగడి పలకను కూడబలుకుకొనుచు చదువ మొదలిడెను. "బ… ట్ట… ల… దు… కా… ణ… ము." ఒత్తును ఒకచోట తప్పు పలికెను. తండ్రి సవరింపబోయి, మాస్టారు చేయి పట్టుకొనుటచే ఊరకుండెను. వెనుక లారీవాడు కొమ్ము ఊదుచున్నను మావాడు రెండవ పలక చదువుచునే యుండెను.